గాలి తగిలే పీట

పెళ్ళైన మర్నాడు తెల్లవారకముందే బట్టీ మామ అత్తవారింట్లో పరువు పోగొట్టుకున్నాడు. అప్పటికి అతను ఎవరికీ మామ కాదు. బేకరీలో బట్టీ దగ్గర పనిచేసే కుర్రాడు, అంతే. అలవాటు ప్రకారం కోడికంటే ముందే మెలకువ వచ్చింది. పక్కన కొత్త పెళ్ళికూతురు ఆదమరిచి నిద్రపోతోంది. లేపాలి. పేరు పెట్టి పిలవడానికి సిగ్గు, భుజం తట్టడానికి భయం. చివరికి తనకు చేతనైన ఒకే ఒక్క పద్ధతి పట్టుకున్నాడు. కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, ఆమె కాలి బొటనవేలు పట్టుకుని రెండుసార్లు లాగాడు.

ఎలుక కొరికిందనుకుని ఆ పిల్ల పెట్టిన కేకకి ఇల్లంతా లేచింది. మామగారు చేతికర్రతో, బావమరిది చీపురుతో వచ్చి పడ్డారు. "ఏదీ? ఎటు పోయింది?" అంటూ మంచం కింద దూరారు. కొత్తల్లుడు గోడకి అతుక్కుపోయి, "ఎలుక కాదండీ, నేనేనండీ" అన్నాడు. ఆ మాట ఆ ఇంట్లో చాలా ఏళ్ళు బతికింది. అల్లుడు చుట్టపుచూపుగా వచ్చినప్పుడల్లా బావమరిది గుమ్మంలో నిలబడి, "ఎలుకగారొచ్చారు, అందరూ కాళ్ళు పైకి పెట్టుకోండి" అని చాటింపు వేసేవాడు.

గోల సద్దుమణిగాక, దుప్పటి మొహం మీదికి లాక్కుని పడుకున్న మొగుణ్ణి ఆమె మెల్లగా అడిగింది. "ఇంతకీ ఎవర్ని లేపి అలవాటైంది మీకు ఇలాగ?"

అడగకపోయినా బాగుండేది. అడిగింది కాబట్టి చెప్పాడు. చెప్పి, ఇంకెవరికీ చెప్పకూడదని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. ఆ పిల్ల నవ్వుతూనే చెయ్యి వేసింది. ఆ నవ్వుకి ఎంత వడ్డీ కట్టాలో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

అతను చెప్పింది ఇదీ.

బేకరీ ఒక ఇరుకు సందులో ఉండేది. ముందు అమ్మకం గది, వెనక బట్టీ, పైన యజమాని కాపురం. పనివాళ్ళు ఇద్దరే. ఒకడు ఇతను, ఇంకొకడు ఇతని ఈడువాడే. ఇద్దరూ పిండి బస్తాల మీదే పడుకునేవాళ్ళు. ఆ రెండోవాడు మంచివాడు, మాటకారి. వాడు నవ్వితే ఎదుటివాడి జేబు దానంతటదే తెరుచుకునేది. ఒక్కటే లోపం, నిద్ర. నీళ్ళు చల్లితే రెండోవైపు కూడా తడవనీ అన్నట్టు తిరిగి పడుకునే నిద్ర. పిలిస్తే "ఊ" అంటాడు, కుదిపితే "వస్తున్నా" అంటాడు, గురక మాత్రం ఆపడు. కుడికాలి బొటనవేలు పట్టి రెండుసార్లు లాగితే మాత్రం, ఎందుకో, కరెంటు కొట్టినట్టు లేచి కూర్చునేవాడు.

లేచాక ఇంకో తంటా. పిండి దగ్గర కూర్చోబెడితే పిండి మీదికే ఒరిగేవాడు. ఒకసారి కలిపిపెట్టిన ముద్ద మీద చెంప ఆనించి నిద్రపోతే, పిండి పొంగుతూ పొంగుతూ చెవి చుట్టూ ఎక్కేసింది. ఆ రోజు ఎవరింటికో చెవి అచ్చున్న బ్రెడ్డు వెళ్ళే ఉంటుంది. ఇక లాభం లేదని ఇతను ఒక ఉపాయం పన్నాడు. తను ముందు లేచి, బట్టీ రాజేసి, పిండి కలిపి, అప్పుడు వాణ్ణి లేపి, వీధి తలుపు తెరిచి, గుమ్మంలో ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టేవాడు. "మొహాన గాలి కొడుతుంటే నిద్ర రాదురా. ఇక్కడే కూర్చుని, ఎవరైనా వస్తే బన్నులివ్వు."

యజమాని ఇంటి మెట్లు వీధివైపుకి దిగేవి. ఆయన దిగేసరికి రోజూ కనపడేది ఒకటే దృశ్యం. బార్లా తెరిచిన తలుపు, పీట మీద నిటారుగా కూర్చున్న కుర్రాడు. వెనక గదిలో పొగలోనూ పిండిలోనూ మునిగిన రెండో కుర్రాడు ఆయన కంటపడేది ఎప్పటికో. "వీడు నాకంటే ముందు లేస్తాడే! ఆ రెండోవాడు ఎప్పుడు లేస్తాడో భగవంతుడికే ఎరుక" అని ఆయన భార్యతో అంటుంటే మెట్లకింది గదిలోకి వినపడేది. ఇద్దరూ నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వేవాళ్ళు.

యజమానికి ఒక్కతే కూతురు. ఒంట్లో ఓపిక తగ్గి, కొట్టు ఎవరి చేతిలో పెట్టాలా అని తలపట్టుకున్న రోజున, ఆయనకి పెద్దగా ఆలోచించాల్సింది ఏమీ కనపడలేదు. పీట మీదవాడికి కూతుర్నీ కొట్టునీ కలిపి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం స్నేహితుడు బట్టీ వెనక కూర్చుని ఏడ్చాడు. నిజం ఏడుపే.

"ఒరేయ్, ఇది నాది కాదురా. చెప్పేద్దాం. నన్ను లేపేది నువ్వేనని చెప్పేద్దాం."

"చెప్పి? ఇద్దరూ కలిసి నన్ను వెధవని చేశారా అని కొట్టు ఇంకెవరి చేతిలోనో పెడతాడు. నీకూ లేదు, నాకూ లేదు. నువ్వు నడుపు. నాకు బట్టీ ఉందిగా."

"బట్టీ దగ్గర నీకేముంటుందిరా?"

"వెచ్చగా ఉంటుంది."

ఇద్దరూ ఏడుపు మధ్యలో నవ్వారు. ఈ మాట మనిద్దరి మధ్యే చచ్చిపోవాలని బట్టీ మామే ఒట్టు వేయించుకున్నాడు. మాట ఎంత గట్టిగా చావాలనుకున్నాడో అంత గట్టిగానూ చచ్చింది.

ఆ తర్వాత స్నేహితుడు కష్టపడలేదంటే కళ్ళు పోతాయి. తిరిగాడు, వాదించాడు, నష్టాలొస్తే జ్వరం తెచ్చుకున్నాడు, లాభాలొస్తే ఇంకో ఊరు పరిగెత్తాడు. కొట్టు తన పేరు మీద ఉంది కనుక అప్పు పుట్టింది. అప్పు పుట్టింది కనుక ఫ్యాక్టరీ పుట్టింది. ఈలోగా సందు వెడల్పై బజారైంది. కొట్టు కింద నేల ధర నిద్రలోనే పెరిగింది. అందులో మునిసిపాలిటీ గునపాల కష్టం తప్ప ఇంకెవరి కష్టమూ లేదు. ఫ్యాక్టరీకి ఇంకో ఫ్యాక్టరీ తోడైంది. బ్రెడ్డు కాగితం మీద కూస్తున్న కోడిపుంజు బొమ్మ వెలిసింది. దాని కింద "ఊరికంటే ముందు లేచినవాడి బ్రెడ్డు" అని ఎర్ర అక్షరాలు. జనం ఆయన్ని పుంజుగారు అనడం మొదలుపెట్టారు.

బట్టీ మామ బట్టీ దగ్గరే ఉన్నాడు. ఒక్క ఇబ్బంది మాత్రం రోజురోజుకీ పెరిగింది. స్నేహితుణ్ణి "ఒరేయ్" అనాలా, "ఏమండీ" అనాలా? పదిమందిలో "నువ్వు" అంటే బాగుండదు, "మీరు" అంటే నోరు తిరగదు. అందుకని మనిషి ఎవరో తెలియని మాటలు కుట్టుకున్నాడు. "భోజనం అయినట్టేనా?" "రావడం ఇప్పుడేనా?" "ఆరోగ్యం ఎలా ఉంటోంది?" పుంజుగారికి ఇది తెలిసిందో లేదో గానీ, ఆయన మాత్రం చక్కగా "ఒరేయ్" అనే పిలిచేవాడు. డబ్బున్నవాడికి ఆ సౌకర్యం ఉంటుంది.

భార్య కూడా అదే బేకరీలో పనికి కుదిరింది. వెనక గదిలో, కిటికీ లేని చోట, పిండి జల్లించే పని. కనురెప్పల మీద, చెవుల్లో, మాటల్లో కూడా పిండే. కొన్నాళ్ళకి దగ్గు పట్టుకుంది. ఇంకొన్నాళ్ళకి ఆ దగ్గు ఇంట్లో మనిషైపోయింది. గాలి తగిలే చోటు ఆ బేకరీలో ఒక్కటే ఉండేది, గుమ్మం. అక్కడ ఇప్పుడు గల్లాపెట్టె పెట్టారు.

ఆమె మొగుడితో వాదించేది ఒకే ఒక్క విషయం మీద.

"కష్టపడ్డాడే, పైకొచ్చాడు" అనేవాడు అతను.

"మీరు కష్టపడలేదా?"

"నేనూ నడిచాను, వాడూ నడిచాడు. వాడి కాళ్ళ కింద రోడ్డుంది. నేను బట్టీ చుట్టూ తిరిగాను."

"రోడ్డు మీరే వేసిచ్చారుగా!"

"ఊరుకోవే. పొద్దున్నే లేవడం వల్లే వాడికి సిరి వచ్చిందని లోకం అంటోంది. పోనీలే, పిల్లలకి మంచి మాటేగా."

"పొద్దున్నే లేస్తే సిరి వచ్చేటట్టయితే, మన పాలవాడి సైకిలుకి ఈపాటికి బంగారు చక్రాలుండాలి" అనేది ఆమె. అని నవ్వబోయి దగ్గేది.

ఆ పిల్లల మంచి మాట తిన్నగా వాళ్ళింట్లోకే వచ్చింది. వాళ్ళకి ఒక్కతే కూతురు. అది చిన్నప్పుడే బ్రెడ్డు కాగితం మీది పుంజు బొమ్మ కత్తిరించి, తన మంచం పక్క గోడకి అంటించుకుంది. ఒకరోజు అన్నం తింటూ అడిగింది.

"నాన్నా, నువ్వూ పుంజుగారూ ఒకే బస్తాల మీద పడుకునేవాళ్ళటగా? మరి ఆయనొక్కడే ఎలా ముందు లేచాడు?"

పొయ్యి దగ్గర తల్లి చేతిలో గరిటె ఆగిపోయింది. బట్టీ మామ ముద్ద మింగి, "నా బస్తా మెత్తగా ఉండేదమ్మా" అన్నాడు.

పిల్ల పడీపడీ నవ్వింది. "మరిప్పుడు అంత పొద్దున్నే లేస్తావుగా?"

"తర్వాత బుద్ధొచ్చింది."

గరిటె గిన్నెకి గట్టిగా తగిలింది. పిల్లకి మాత్రం మనసులో ఒక మాట ముద్రపడిపోయింది. నాన్న మంచివాడు, కానీ ఆలస్యంగా లేచినవాడు. పెద్దదయ్యాక పుంజుగారి ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో చేరింది. అక్కడ నెలకోసారి అందరికంటే ముందు వచ్చినవాళ్ళకి పుంజు బిళ్ళ ఇచ్చేవాళ్ళు. అది చాలాసార్లు దీనికే వచ్చేది. రోజూ తండ్రే లేపేవాడు, కాలి బొటనవేలు రెండుసార్లు లాగి. బిళ్ళ తెచ్చి చూపించినప్పుడు, "చూశావా నాన్నా, నేను నీలా కాదు" అనేది ముద్దుగా. అతను బిళ్ళని వెలుతురుకి పెట్టి చూసి, "అచ్చం బంగారంలా ఉందే" అనేవాడు. భార్య అవతలి గదిలోకి వెళ్ళిపోయేది.

కూతురికి పెళ్ళైంది. దగ్గరి వీధిలోనే కాపురం. పాత బట్టీ చల్లారింది, బట్టీ మామ పని మానేశాడు. భార్య దగ్గు ఆయాసమైంది, ఆయాసం మంచమైంది. గాలి కోసం మంచాన్ని వీధి తలుపు దగ్గరికి జరిపారు.

అలాంటి రోజుల్లో పుంజుగారి దగ్గర్నుంచి కారూ కబురూ వచ్చాయి. కంపెనీ పెట్టి ఇన్నేళ్ళైన సందర్భంగా పెద్ద సభ. పాత స్నేహితుణ్ణి వేదిక మీదికి పిలిచి సన్మానిస్తారట. భార్యతో, కూతురితో సహా రావాలట.

కబురు తెచ్చిన మనిషి వెళ్ళాక ఆమె మొగుణ్ణి మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పింది.

"నేను ఇంకెంతోకాలం ఉండను. కాదనకండి, నా గుండెకాయ నాకు చెబుతోంది. నాకు మేడ వద్దు, మందులూ వద్దు. అది తన తండ్రిని సోమరిపోతనుకుంటోంది. నేను పోయేలోపు దానికి నిజం తెలియాలి. నేను చెప్పను, చేతిలో చెయ్యి వేశాను. మీరైనా చెప్పాలి, ఆయనైనా చెప్పాలి."

"వాడే చెప్తాడు చూడు. లేకపోతే ఇప్పుడు పిలవడమెందుకు? వయసు మీద పడిందిగా, మనసులో బరువు దించుకోవాలనిపించి ఉంటుంది. ఆ రోజు కూడా చెప్పేద్దామన్నది వాడేగా."

"చెప్తాడంటారా?"

"ఏడ్చినవాడు మర్చిపోడే."

ఆమె నమ్మింది. పెట్టె అడుగునుంచి మంచి చీర తీయించుకుంది. అతనికి కూతురు కొత్త చెప్పులు తెచ్చింది. అవి ఒక అడుగుకి కిర్రుమనేవి, ఇంకో అడుగుకి కీచుమనేవి. "నాన్నా, మెల్లగా నడువు, పుంజుగారు పోటీకొచ్చారనుకుంటారు" అంది కూతురు. ముగ్గురూ నవ్వారు. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి నవ్వడం అదే ఆఖరుసారి.

సభ పెద్ద హాల్లో. ముందు వరసలో చక్రాల కుర్చీలో తల్లి, పక్కన కూతురు. వేదిక మధ్యలో, గాజు పెట్టెలో, దీపాల కింద ఒక వస్తువుంది. బట్టీ మామ మెట్లెక్కుతూ దాన్ని చూసి ఆగిపోయాడు. ముక్కాలిపీట. వార్నీషు పూశారు. ఒక కాలు పొట్టిదైతే తనే చెక్కముక్క కొట్టాడు. ఆ ముక్కకి కూడా పూశారు. అతనికి కళ్ళు చెమర్చాయి. దాచుకున్నాడన్నమాట. మర్చిపోలేదన్నమాట. భార్యవైపు చూసి, చూశావా అన్నట్టు తల ఊపాడు. ఆమె కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చుంది.

పుంజుగారు మైకు దగ్గరికి వచ్చాడు. తెల్లటి జుట్టు, అదే నవ్వు.

"ఈ పీట చూశారా? ఊరంతా పడుకున్నవేళ నేను దీని మీద కూర్చుని ఉండేవాణ్ణి. నన్ను చాలామంది అడుగుతుంటారు, ఇంత ఆస్తి ఎలా వచ్చిందని. దొంగతనం చేశానా? లాటరీ తగిలిందా? ఏమీ లేదు. అందరికంటే ముందు లేచాను, అంతే. సూర్యుడు అందరికీ ఒకటే. లేచినవాడిదే పొద్దు!"

చప్పట్లు. ఆయన బట్టీ మామ భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇదిగో, మా వాడు. నా ప్రాణస్నేహితుడు. ఒకే బస్తాలు, ఒకే బట్టీ, ఒకే యజమాని. ఎందుకు మరి ఇలా తేడా వచ్చింది? వీడు బంగారం, కానీ కుంభకర్ణుడు! నేను రోజూ వీడి కాలి బొటనవేలు పట్టి లాగితే గానీ లేచేవాడు కాదు. రెండుసార్లు లాగాలి! ఒరేయ్, అవునా కాదా? నువ్వే చెప్పు."

మైకు మూతి దగ్గరికి వచ్చింది.

బట్టీ మామ స్నేహితుడి కళ్ళలోకి చూశాడు. అబద్ధమాడేవాడి కళ్ళలో ఎక్కడో ఒక చీమ పాకుతుంది. ఆ కళ్ళలో ఏమీ లేదు. నీళ్ళలా ఉన్నాయి. అతను అబద్ధం చెప్పడం లేదు. చెప్పీ చెప్పీ, విని విని, ఎప్పుడో ఒక ఏడు ఆ వేలు ఒక కాలినుంచి ఇంకో కాలికి మారిపోయింది. మన మధ్యే చచ్చిపోవాలన్న మాట ఆయనలో నిజంగానే చచ్చిపోయింది. దాన్ని చంపమన్నది తనే.

హాలంతా నవ్వు మొహాలతో ఎదురుచూస్తోంది. ముందు వరసలో రెండు మొహాలు మాత్రం నవ్వడం లేదు. కాదు అనాలంటే ఒక్క మాట. కానీ ఆ ఒక్క మాట ఆ ముసలి స్నేహితుణ్ణి ఇంతమంది ముందు బట్టలూడదీసి నిలబెడుతుంది. బతుకంతా ఎవర్నీ నొప్పించకుండా మాటల్ని వంకర తిప్పుకున్న నోరు, అప్పుడూ అదే పని చేసింది.

"అవునండీ" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. "బస్తా మెత్తగా ఉండేది" అన్నాడు.

హాలు విరగబడి నవ్వింది. పుంజుగారు కళ్ళు తుడుచుకుంటూ బహుమతి తెప్పించాడు. కోడిపుంజు ఆకారంలో, బంగారు రంగులో, అలారం గడియారం. "ఇప్పటికైనా లేవరా!" అని చేతిలో పెడితే మళ్ళీ చప్పట్లు. కిర్రు, కీచు, కిర్రు, కీచు అంటూ బట్టీ మామ మెట్లు దిగాడు. భార్య అతన్ని చూడలేదు. ఒళ్ళోని చేతులు చూసుకుంటోంది. కూతురు మాత్రం అతని మొహం వైపే రెప్ప వేయకుండా చూస్తోంది. సిగ్గుపడుతోందనుకున్నాడు అతను.

వెళ్ళిపోయేముందు పుంజుగారు పక్కగదిలోకి పిలిచి కావలించుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత బట్టీ మామ నోటినుంచి ఆ మాట వచ్చింది.

"ఒరేయ్. నీకు నిజంగా గుర్తుందా? వేలు పట్టి లాగడం?"

"ఎందుకు గుర్తుండదురా? నిన్న మొన్నటిలా ఉంది. ఎడమకాలు కదూ?"

బట్టీ మామ స్నేహితుడి కాళ్ళవైపు చూశాడు. "కాదు. కుడికాలు."

"ఆఁ, కుడే, కుడే! చూశావా, నీకూ గుర్తుంది" అని పుంజుగారు సంతోషంగా వీపు చరిచాడు.

తిరిగి కారెక్కారు. ముందు సీట్లో కూతురి ఒళ్ళో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ఇంటికొచ్చాక, కూతురు మంచినీళ్ళకి లోపలికి వెళ్ళినప్పుడు, భార్య అంది. "నిద్రమొహంగారూ, పాలు తాగి పడుకుంటారా?" అలాంటి ఎగతాళి మాటలు ఆమెకి అలవాటే. కానీ ఈసారి అని, గోడవైపు తిరిగింది.

మర్నాడు అతను మంచం పక్కన కూర్చుని, "నీ ఒట్టు తీసేస్తున్నానే. నువ్వే చెప్పు దానికి" అన్నాడు.

ఆమె చాలాసేపు ఊపిరి కూడగట్టుకుంది. "ఇప్పుడా? ఇప్పుడు నేను చెబితే, అమ్మ మొగుణ్ణి వెనకేసుకొస్తోందనుకుంటుంది. హాలు హాలంతా విన్నదిగా. అవునన్నది మీరేగా."

అంతే. తిట్టలేదు. ఆ తర్వాత కూడా అన్నం పెట్టమంది, దిండు సర్దమంది, దుప్పటి కప్పమంది. పాలవాడి సైకిలు మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఆమె ఇక వాదించడం మానేసిందని తెలిసినప్పుడు బట్టీ మామకి మొదటిసారి భయం వేసింది. వాదించినన్నాళ్ళూ, గెలుస్తానన్న ఆశ ఆమెకి ఉన్నట్టే కదా.

కూతురు సెలవు పెట్టి తల్లి దగ్గరే ఉండిపోయింది. తల్లి మంచం పక్కనే చాప వేసుకుని పడుకునేది. ఒక్కోసారి ఇద్దరూ మెలకువగానే ఉండేవాళ్ళు. తల్లి ఏదో చెప్పబోయి, కూతురి జుట్టు సర్ది ఊరుకునేది. కూతురు ఏదో అడగబోయి, తల్లి కాళ్ళు ఒత్తి ఊరుకునేది. తలుపు అవతల అరుగు మీద పడుకున్న బట్టీ మామకి ఆ మౌనం వినపడేది.

ఒక పొద్దున అతను రోజులాగే లేచాడు. గడియారం కూయకముందే మీట నొక్కి ఆపాడు, ఆమెకి నిద్రాభంగం కాకూడదని. పాలు కాచాడు. కాళ్ళ దగ్గర కూర్చుని బొటనవేలు పట్టుకుని రెండుసార్లు లాగాడు.

మూడోసారీ లాగాడు. బతుకులో ఎప్పుడూ ఎవరినీ మూడోసారి లాగలేదు.

పుంజుగారు స్వయంగా వచ్చాడు. అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నాడు, నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పోయేటప్పుడు, "మంచి మనిషిరా, ఎప్పుడూ ఒక్క మాట అనలేదు" అన్నాడు. బట్టీ మామ అవునన్నాడు.

వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక ఒక సాయంత్రం తండ్రీ కూతుళ్ళు ఇద్దరే మిగిలారు. మర్నాటినుంచి ఆమె పనిలోకి వెళ్ళాలి. తల్లి చీరలు మడతపెడుతూ, తలెత్తకుండా అంది.

"నాన్నా, ఆయన్ని లేపేది నువ్వే కదూ?"

బట్టీ మామ చేతిలో చీర కొంగు జారిపోయింది. "అమ్మ చెప్పిందా?"

"అమ్మేం చెప్పలేదు. ఆ రోజు ఆయన వేలు సంగతి చెప్పగానే తెలిసింది. నన్ను చిన్నప్పట్నుంచీ అలా లేపింది నువ్వేగా. ఆయన అలా లేపాడంటే, ఆయన పిల్లల్నైనా లేపి ఉండాలిగా. సెలవు పెట్టడానికి వెళ్ళినప్పుడు ఫ్యాక్టరీలో ఆయన కొడుకుని అడిగాను. వాళ్ళ నాన్నని లేపడానికే ఇద్దరు మనుషులు కావాలని నవ్వాడు."

"మరి... మరి ఇన్నాళ్ళూ అనలేదేమే?"

"అమ్మకి తెలియదనుకున్నాను నాన్నా." ఆమె చేతిలోని చీర మడత విప్పి మళ్ళీ పెట్టింది. "నువ్వు అందరి ముందూ అవునన్నావు. అమ్మ దగ్గర కూడా దాచావేమో అనుకున్నాను. ఆ మేడలూ ఆ కార్లూ నువ్వు లేపితే లేచినవని తెలిస్తే, పిండి జల్లించీ జల్లించీ అలా అయిపోయిన మనిషి తట్టుకుంటుందా? అందుకే నోరు మూసుకున్నా. అమ్మ ప్రశాంతంగా పోవాలని."

బట్టీ మామకి అప్పుడు అర్థమైంది. ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందే దూరంలో, తల్లీ కూతుళ్ళిద్దరూ ఒకే మాటని రెండు చివరలా పట్టుకుని పడుకున్నారు. ఒకరు తెలియాలని చచ్చిపోతూ, ఒకరు తెలియకూడదని కుమిలిపోతూ. మధ్యలో తను.

"అమ్మకి తెలుసా నాన్నా?" అంది కూతురు, అతని మొహం చూసి.

అతనికి ఎన్నో వంకర మాటలు వచ్చు. ఒక్కటీ రాలేదు. "తెలుసు" అన్నాడు. "నీకు తెలియాలనే బతికింది."

కూతురు తల్లి చీరలో మొహం దాచుకుంది. అతను పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, ఆమె పాదం మీద చెయ్యి వేసి ఉంచాడు. లాగలేదు.

మర్నాడు రోజులాగే మెలకువ వచ్చింది. గడియారం ఇంకా కూయలేదు. వెనకభాగం విప్పి దాని బ్యాటరీ తీసేశాడు. కూతురు తల్లి మంచం మీదే ఏడ్చీ ఏడ్చీ నిద్రపోయింది. పనికి వేళవుతోంది. కాళ్ళ దగ్గరికి వెళ్ళాడు, వంగాడు, చెయ్యి చాచాడు. ఆ వేలు పట్టుకోలేకపోయాడు. దుప్పటి లాగి పాదాలు కప్పి, వీధి తలుపు తెరుచుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

చల్లటి గాలి మొహానికి కొట్టింది. ఇంత పొద్దున్నే, పనేమీ లేకుండా, గాలి తగిలేచోట ఊరికే కూర్చోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. హాయిగా ఉంది. అంత హాయిగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

సందు మొగలో గంట మోగింది. పాలవాడు. వాడూ ముసలివాడైపోయాడు. సైకిలు గోడకి ఆనించి, "ఏం బట్టీ మామా, ఇవాళ ఇక్కడ కూర్చున్నావ్? ఎవరినీ లేపవా?" అన్నాడు.

"పడుకోనీ" అన్నాడు బట్టీ మామ.

పాలు పోయించుకుంటూ సైకిలు వైపు చూశాడు. వంగి మరీ చూశాడు. తుప్పు పట్టిన మామూలు చక్రాలే. ముందు చక్రానికి రెండు ఊచలు కూడా లేవు.

"నువ్వన్నది నిజమేనే" అంటూ లోపలికి తిరిగాడు, తలుపు పక్కన ఉండే మంచం వైపు.